గడియారాలాయన జెముడు కంచె

మా వీధిలో ఒక మాట తిరుగుతోంది. రొట్టెల కొట్టు దగ్గర పుట్టి, బస్సు ఆగే చోట కాసేపు నిలబడి, మందుల దుకాణం మెట్లెక్కి దిగి, మా గుమ్మంలోకి వచ్చేసరికి దానికి కాళ్ళూ చేతులే కాదు, మీసాలు కూడా మొలిచాయి. గడియారాలు బాగుచేసే ఆయన, అదే మా ఎదురింటాయన, రోజూ పొద్దున తన పెరట్లో జెముడు కంచె పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, కంటికి భూతద్దం బిగించుకుని, కొమ్మల సందుల్లోంచి పక్కింటి లాండ్రీ ఆవిడను చూస్తున్నాడట. ఊరికే చూడటం కాదట. ఆవిడ దృష్టిలో పడాలని ఆరేసిన దుప్పట్ల మీద గడియారాల నూనె కూడా చిలకరిస్తున్నాడట.

దీన్ని సరిచేయకపోతే నాకు ముద్ద దిగదు. ఒకరి గురించి ఉన్నది చెప్పుకుంటే నాకేమీ అభ్యంతరం లేదు. నేనూ చెప్పుకుంటాను, అందరికంటే ముందే చెప్పుకుంటాను. కానీ సగం చూసి, మిగతా సగం ఇంట్లో కూర్చుని కుట్టి అతికించేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. నా చదువు ఐదో తరగతితో ఆగిపోయింది గానీ నా కాళ్ళు ఎక్కడా ఆగలేదు. ఏ సంగతైనా వెళ్ళి చూసి వచ్చాకే నోరు విప్పుతాను. దీన్నీ వెళ్ళి చూశాను. ఆ చూడబోవడంలో నా కుడి కంటికి జరిగిన సత్కారం గురించి దాని వరుసలో చెబుతాను. ముందు మనిషి ఎలాంటివాడో తెలియాలి.

గడియారాలాయనకు యాభై దాటి కొన్నేళ్ళయింది. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ కొంచెం ముందుకు వంగి ఉంటాడు. ఇంటి ముందు గదే దుకాణం. కిటికీ పక్కన బల్ల, బల్ల చుట్టూ వేలెడు ఎత్తు చెక్క అంచు, కింద పడిన మర దొర్లిపోకుండా. బల్ల మీద తెల్లకాగితం, దాని మీద పట్టకార్లు, సన్నటి నూనె బుడ్డి, మూతలు తీసిన వాచీలు పొట్టలు తెరుచుకుని వెల్లకిలా పడుకుని ఉంటాయి. గోడ నిండా గడియారాలు. ఒక దానితో ఒకటి సంబంధం లేనట్టు ఒక్కోటి ఒక్కో టైము చూపిస్తుంది. టైమెంతయిందని ఎవరైనా అడిగితే ఆయన జేబులోంచి సెల్‌ఫోన్ తీసి చూసి చెబుతాడు.

చెబుతాడు అన్నానే గానీ, వెంటనే చెప్పడు. అసలు చిక్కంతా అక్కడే ఉంది. వాచీలో మర ఆవగింజలో నాలుగో వంతు ఉంటుంది. ఇక లోపలి స్ప్రింగు వెంట్రుక కంటే సన్నం. దాన్ని పట్టకారుతో ఎత్తినప్పుడు ఊపిరి వదిలితే చాలు, ఎగిరి ఎక్కడ పడుతుందో దేవుడికి కూడా కనిపించదు. అందుకని వాళ్ళ నాన్న ఆయనకు పలక మీద అక్షరాలు దిద్దించడానికి ముందే ఊపిరి బిగబట్టడం నేర్పించాడు. పని మీద ఉన్నంతసేపూ గాలి పీల్చడమే పొదుపుగా పీలుస్తాడు, ఇక మాట ఎక్కడిది? అడిగిన మాట చెవిలో పడుతుంది, లోపల దాచుకుంటాడు, మర బిగించడం అయ్యాక తలెత్తి జవాబు చెబుతాడు. అప్పటికి అడిగినవాళ్ళు ఇల్లు చేరి ఉంటారు.

ఆయన పెళ్ళి అలాగే తప్పిపోయింది. ఆ సంబంధం మాట నడిపింది నేనే. పిల్ల మేనమామ దుకాణానికి వచ్చి, కుర్చీలో కూర్చుని, మర్యాదగా అడిగాడు.

“ఏం బాబూ, మా పిల్ల నీకు నచ్చినట్టేనా?”

ఈయన చేతిలో ఎవరిదో పాతకాలపు చేతివాచీ ఉంది. మేనమామ ఒకసారి దగ్గాడు. రెండోసారి దగ్గాడు. లేచి చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. కాసేపటికి ఈయన తలెత్తి, సిగ్గుపడుతూ, ఖాళీ కుర్చీతో అన్నాడు, “నచ్చిందండీ” అని. నేను తలుపు దగ్గరే ఉండి విన్నాను. పరిగెత్తి వెళ్ళి చెప్పాను కూడా. కానీ అవతలివాళ్ళకు అప్పటికే కోపం వచ్చేసింది.

ఇక కంచె సంగతి. ఆయన ఇంటికీ లాండ్రీ ఆవిడ ఇంటికీ మధ్య గోడ లేదు, జెముడు ఉంది. ముళ్ళు లేని రకం. మనిషి భుజం ఎత్తున, వేళ్ళంత లావు కొమ్మలతో దట్టంగా పెరిగింది. వాళ్ళమ్మ నాటింది. నీళ్ళు పోయక్కర్లేదు, పశువు నోరు పెట్టదు, పిల్లలు తుంచరు. ఎందుకంటే ఎక్కడ గిల్లినా చటుక్కున తెల్లగా పాలు కారతాయి, ఆ పాలు తగిలితే ఒళ్ళు మండుతుంది. పూలు పూస్తుందంటారు గానీ వాటిని పూలనడానికి నాకు మొన్నటిదాకా నోరు రాలేదు. రేకు లేదు, వాసన లేదు. ఆకుపచ్చా పసుపూ కాని రంగులో, మినపగింజంత బొడిపెలు. కంచె సరిగ్గా హద్దు మీద ఉంది కాబట్టి సగం ఆయనది, సగం ఆవిడది.

లాండ్రీ ఆవిడ మా వీధికి వచ్చి నాలుగైదేళ్ళయింది. భర్త పోయాక ఉన్నదంతా పెట్టి ఆ ఇల్లు కొనుక్కుని, పెద్ద బట్టలుతికే మిషన్లు రెండు దించుకుంది. హోటళ్ళ దుప్పట్లు, ఆసుపత్రి నర్సుల తెల్లకోట్లు అన్నీ ఆవిడ దగ్గరికే వస్తాయి. గొంతు గట్టిది. చేతులు ఇంకా గట్టివి. ఇస్త్రీపెట్టె కాగిందో లేదో చూడటానికి వేలు తడిచేసి దానికి తాకిస్తుంది, అది చుయ్‌మంటుంది, ఈవిడ దాన్ని తిరిగి ఏదో అంటుంది. కిటికీ దగ్గర నిలబడి ఇస్త్రీ చేసినంతసేపూ ఆ పెట్టెతో జగడమే. పెరట్లో కంచె పొడుగునా తీగలు కట్టి దుప్పట్లు ఆరేస్తుంది.

గొడవ ఆ దుప్పట్ల దగ్గరే మొదలైంది. ఉతికి ఆరేసిన తెల్ల దుప్పట్ల మీద సన్నటి పసుపు చుక్కలు కనబడసాగాయి. హోటలువాళ్ళు తిప్పి పంపారు. ఆవిడ మళ్ళీ ఉతికింది. మళ్ళీ చుక్కలు. ఒక పొద్దున కంచె అవతల ఈయన మోకాళ్ళ మీద ఉండటం కొమ్మల్లోంచి కనిపించింది. అంతే.

“ఏమండీ గడియారాలాయనా! ఆ నూనె బుడ్డి తెచ్చి నా దుప్పట్ల మీద చల్లుతున్నారా ఏంటి?”

జవాబు లేదు.

“మిమ్మల్నే! చెవుల్లో కూడా నూనె పోసుకున్నారా?”

ఈయన భూతద్దం కొమ్మల్లోంచి కదల్లేదు. ఆవిడ దుప్పటి విదిలించి లోపలికి వెళ్ళిపోయింది.

ఇదంతా మా తోడికోడలు మేడ మీద నుంచి చూసింది. మా తోడికోడలి మేడ మీద నుంచి నాలుగు పెరళ్ళు కనిపిస్తాయి, ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. ఈ రెండూ ఒకే మనిషికి ఉండటం మా వీధి చేసుకున్న అదృష్టం. గబగబా కిందికి దిగి దుకాణానికి వెళ్ళింది. అప్పటికి ఈయన బల్ల ముందు కూర్చున్నాడు.

“ఏం అన్నయ్యా, పొద్దున్నే కంచె దగ్గర ఏం చూస్తున్నావు? లాండ్రీ ఆవిడనేనా?”

పట్టకారు కొసన వెంట్రుకంత స్ప్రింగు.

“మాట్లాడవేం?”

స్ప్రింగు ఇంకా గాల్లోనే ఉంది.

“సరే సరే, చెప్పక్కర్లేదులే. నాకర్థమైంది.”

స్ప్రింగు కూర్చోబెట్టి ఈయన తలెత్తేసరికి ఆవిడ రొట్టెల కొట్టులో ఉంది. ఆ సాయంత్రం నేను గోడగడియారం పట్టుకెళ్తే అమాయకంగా అడిగాడు. “అక్కగారూ, మీ తోడికోడలు ఇందాక వచ్చి ఏదో అడిగింది. తొందరలో ఉన్నట్టుంది, వెళ్ళిపోయింది. ఏం కావాలో కనుక్కుని చెప్తారా?”

ఆవిడకు కావలసింది అప్పటికే దొరికిందని నేనేం చెప్పను?

మాట లాండ్రీ ఆవిడ చెవిన పడింది. మండిపడింది. వీధిలో నిలబడి అందరికీ వినబడేలా చెప్పింది, “చెట్లు కొట్టే అతనికి కబురు పెట్టాను. వచ్చే వారం వస్తాడు. ఆ జెముడు వేళ్ళతో సహా పీకించి రేకుల గోడ కట్టిస్తాను. అప్పుడు చూడమనండి, ఎవరిని చూస్తారో!”

ఆ మాట విన్న రోజున గడియారాలాయన మా ఇంటికి వచ్చాడు. ఎదురిల్లే అయినా ఆయన మా గడప తొక్కడం అరుదు. కూర్చోమంటే కూర్చోలేదు. చేతిలో పని లేదు కాబట్టి మాట వెంటనే వచ్చింది.

“అక్కగారూ, మీరు చెప్తే ఆవిడ వింటుంది. కంచె కొట్టొద్దని చెప్పండి.”

“చెప్తాను. ఎందుకు కొట్టొద్దో నువ్వు చెప్పు.”

నేల చూశాడు.

“తమ్ముడూ, ఊరికే కొట్టొద్దంటే ఊరుకునే మనిషా ఆవిడ? ఏదో ఒకటి చెప్పాలిగా.”

“కారణం చెప్తే కంచె అస్సలు మిగలదు అక్కగారూ.”

“అయితే వీధి అంటున్నది నిజమేనా?”

“అననివ్వండి. అదే నయం.”

ఆ మాటనేసి వెళ్ళిపోయాడు. ఇక చూడండి. ఒక మనిషి తన మీద పడిన నింద కంటే నిజమే ప్రమాదం అంటుంటే, ఆ నిజమేంటో తెలుసుకోకుండా నేనెలా నిద్రపోతాను? ఆ వయసులో కంచె పక్కన ఏం దాచి ఉంటాడు? దొంగ వాచీలా? పాతిపెట్టిన బంగారమా? మా ఆయనను అడిగితే “నీకెందుకు?” అన్నాడు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ ప్రశ్న అడుగుతూనే ఉన్నాడు, జవాబు ఇంకా దొరకలేదు పాపం.

మర్నాడు ఆయన దుకాణంలో ఎవరో బేరానికి కూర్చుని ఉండగా, నేను ఒక ఖాళీ గిన్నె పట్టుకుని పక్కసందులోంచి పెరట్లోకి వెళ్ళాను. చేతిలో గిన్నె ఉన్న ఆడమనిషిని ఏ పెరట్లోనూ ఎందుకొచ్చావని ఎవరూ అడగరు. కంచె దగ్గర నేల మీద ఆయన మోకాళ్ళకు రెండు గుంటలు పడి ఉన్నాయి, నున్నగా. వాటిల్లోనే నా మోకాళ్ళూ ఆనించాను. కొమ్మలు అడ్డం వచ్చాయి. ఒకటి తుంచి పక్కన పడేశాను. ఇంకోటి తుంచాను. చెమట పడితే చేత్తో కన్ను తుడుచుకున్నాను.

ఆ తర్వాత నేను పెట్టిన కేక మా తోడికోడలి మేడకు సరిపోయి ఇంకా మిగిలిందట.

కంట్లో నిప్పు పోసినట్టయింది. ఆయన దుకాణంలోంచి పరిగెత్తుకొచ్చాడు, వచ్చినవాళ్ళను ఎక్కడివాళ్ళను అక్కడ వదిలేసి. నన్ను కుళాయి కిందికి లాక్కెళ్ళి తల పట్టుకుని కంట్లోకి నీళ్ళ ధార వదిలాడు. “రుద్దకండి, రుద్దకండి. కన్ను తెరవండి. జెముడు పాలు ఆటలు కాదు అక్కగారూ” అంటూ ఆపకుండా కడుగుతూనే ఉన్నాడు. ఆ తర్వాత స్కూటర్ వెనక కూర్చోబెట్టుకుని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. డాక్టరు మందు వేసి, కట్టు కట్టి, చక్కగా కడిగారు కాబట్టి చూపు దక్కింది, ఇకపై చెట్లతో జాగ్రత్త అన్నాడు. నేను స్కూటర్ మీద ఆయన భుజం పట్టుకుని, ఒంటికన్నుతో వీధిలో దిగుతుంటే మా తోడికోడలు మేడ మీద నుంచి సగం బయటికి వేలాడుతోంది.

కట్టు విప్పిన రోజున నల్లద్దాలు పెట్టుకుని నేరుగా దుకాణానికి వెళ్ళాను. బల్ల మీది పట్టకారును తీసి నా చేతిలో పెట్టుకున్నాను, మాట్లాడకుండా తప్పించుకోడానికి వీల్లేకుండా.

“నీ కంచె నా కన్ను తీసుకోబోయింది. ఇప్పుడైనా చెప్తావా, చెప్పవా?”

ఆయన నా నల్లద్దాల వంక చూశాడు. నిట్టూర్చాడు. లేచి, “రండి, చూపిస్తాను. కానీ మీ తోడికోడలితో అనకూడదు” అన్నాడు.

ఎండ బాగా వచ్చింది. కంచె దగ్గర నన్ను కూర్చోబెట్టి, నల్లద్దాలు తీయించి, ఎడమ కంటి గుంటలో భూతద్దం ఇరికించి, జెముడు పూల గుత్తి వైపు నా గడ్డం తిప్పాడు. “ఊపిరి వదలకండి” అన్నాడు.

మొదట మసక. తర్వాత ఆ మినపగింజంత బొడిపె చిన్న పళ్ళెంలా కనబడింది. దాని అంచున పచ్చటి గుండీలు కుట్టినట్టున్నాయి, ఒక్కో గుండీ మీదా తడి మెరుస్తోంది. అది తేనె అట. ఏ పువ్వయినా తేనెను లోపలెక్కడో దాచుకుంటుంది, ఇదేమో వాకిట్లోనే పోసి పెట్టింది. దాని మీద వాలి ఉంది ఒక ఈగ. తేనెటీగే, కానీ మనకు తెలిసిన తేనెటీగలో సగం కూడా లేదు. నల్లటి ఒళ్ళు, ఒంటి నిండా బూడిదరంగు నూగు. ఒక గుండీ నాకి, పక్క గుండీకి జరిగి, మళ్ళీ పక్కదానికి జరుగుతూ పళ్ళెం చుట్టూ తిరుగుతోంది. తిరిగినప్పుడల్లా పొట్ట పువ్వు నడిమికి రాసుకుని పసుపు పొడి అంటుకుంటోంది. వెనక కాళ్ళకయితే పుప్పొడి మేజోళ్ళు తొడిగినట్టే ఉంది.

“ఇదేనా?” అన్నాను, ఊపిరి వదిలేసి. ఈగ ఎగిరిపోయింది.

“ఇదే.”

“వీటికి గూడెక్కడ? పట్టు కనపడదేం?”

ఆయన నేల చూపించాడు. కంచె మొదట్లో గట్టిపడిన మట్టిలో పెన్సిలు గుచ్చినట్టు చిన్న చిన్న కన్నాలు, ఒక్కో కన్నం చుట్టూ పొడిమట్టి గుట్ట. ఇవి కలిసి పట్టు పెట్టవట. ఏ ఆడ ఈగ కన్నం ఆ ఆడ ఈగే తవ్వుకుంటుంది, లోపల పుప్పొడి ఉండ చేసి పెట్టి, దాని మీద గుడ్డు పెట్టి, కన్నం పూడ్చి వెళ్ళిపోతుంది. జెముడు పూసే కాలమే వీటి కాలం. ఈ కంచె లేకపోతే ఈ నేలలో పుట్టినవి బయటికొచ్చి ఆకలితో తిరుగుతాయని ఆయన భయం. ఆయన వాటికి పేర్లు కూడా పెట్టాడు. ఊరికే అటూ ఇటూ జుయ్యిమని తిరిగే బక్క మగ ఈగ సెకను ముల్లు. పుప్పొడి మోసుకుని బరువుగా వచ్చే ఆడ ఈగ గంట ముల్లు. ఇక ఒక పెద్ద ఈగ ఉంది, ప్రతి ఏడూ వచ్చేది అదేనని ఆయన నమ్మకం. అంత చిన్న ఈగ అన్నేళ్ళు బతకడం నేనెక్కడా వినలేదు, కానీ ఆయన మొహం చూసి ఊరుకున్నాను.

“ఇదెప్పుడు మొదలెట్టావు?”

“మర ఒకటి ఎగిరి కిటికీలోంచి పెరట్లో పడింది. అద్దం పెట్టుకుని వెతుకుతుంటే ఇవి కనిపించాయి.”

“మర దొరికిందా?”

“ఇంకా లేదు.”

“మరి ఇందులో దాచాల్సిందేముంది తమ్ముడూ? ఈ మాట మొదటి రోజే చెప్పి ఉంటే సరిపోయేదిగా!”

ఆయన నావైపు ఎలా చూశాడంటే, నాకే గుర్తొచ్చింది. రొట్టెల కొట్టు చూరుకింద తేనెపట్టు పెట్టిన ఏడాది మా వీధి వీధంతా కదిలింది. పొగబెట్టారు, మరిగే నీళ్ళు పోశారు, మా తోడికోడలు చీపురు పట్టుకుని సేనాపతిలా ముందు నిలబడింది. కింద పడిన ఈగలను చేటలతో ఎత్తిపోశారు. ఆ రోజంతా ఈయన దుకాణం తలుపు మూసుకుని కూర్చున్నాడు. నేలలో తేనెటీగలున్నాయని ఈ వీధికి తెలిస్తే ఏమవుతుందో నాకు చెప్పక్కర్లేదు.

“ప్రేమ అనుకుంటే నవ్వుకుని వదిలేస్తారు అక్కగారూ. ఈగలంటే వదలరు” అన్నాడు.

అంత సాహసం ఈ మనిషిలో ఎక్కడ దాక్కుందో! తన పరువు తీసి ఆ కన్నాల మీద గొడుగులా పట్టాడు. కానీ ఆ గొడుగు వల్లే గొడ్డలి వస్తుందని ఆయన మొదట్లో లెక్క వేసుకోలేదు. చెట్లు కొట్టే అతను రేపే వస్తున్నాడు.

“ఒక్క మనిషికి చెప్పక తప్పదు” అన్నాను. “లాండ్రీ ఆవిడకు.”

ఆయన వద్దనే లోపలే నేను అవతలి పెరట్లో ఉన్నాను. ఆవిడ నర్సు కోట్లు ఇస్త్రీ చేస్తోంది.

“ఆ పెట్టె పక్కనపెట్టి నాతో రా.”

“ఎక్కడికి వదినా? ఆయన పెరట్లోకా? నేను రాను! వెళ్తే ఇంకేమన్నా ఉందా, మీ తోడికోడలు పెళ్ళి పత్రికలు అచ్చు వేయిస్తుంది.”

“వేస్తే వేయనీ, ఖర్చు దానిదేగా. నీ దుప్పట్ల మీద పసుపు చుక్కలెక్కడివో తెలియాలా, వద్దా?”

ఆ మాటకు వచ్చింది. చుక్కల మీద ఆవిడకున్న పట్టుదల అలాంటిది. కంచె దగ్గరికి వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని, ఆయనను పైనుంచి కిందికి చూసింది. ఆయన భూతద్దం తన చొక్కా అంచుతో తుడిచి, రెండు చేతులతో అందించాడు. ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుంది. నేను ఊపిరి వదలొద్దని చెప్పాను.

ఎంతసేపు కూర్చుందో. ఆవిడ నోరు అంతసేపు మూసుకుని ఉండటం మా వీధిలో ఎవరూ చూసి ఉండరు. గంట ముల్లు వచ్చి వాలినట్టుంది, ఆవిడ పెదవులు చిన్నపిల్లల్లా తెరుచుకున్నాయి.

“అబ్బ! కాళ్ళకు పసుపు మేజోళ్ళు తొడుక్కుంది వదినా!” అంది గుసగుసగా. “మొహం కూడా కడుక్కుంటోంది చూడండి, ముందుకాళ్ళతో. ఓసి నీ ముస్తాబు!”

గడియారాలాయన అప్పుడు చుక్కల సంగతి చెప్పాడు. పుప్పొడి తిన్న ఈగలు ఎగిరేటప్పుడు విడిచే రెట్ట అదట. తెల్లటి దుప్పటి మీద కాబట్టి కనిపిస్తోంది.

“నూనె కాదన్నమాట.”

“కాదండీ.”

“మీరు చల్లలేదన్నమాట.”

“లేదండీ.”

“మరి ఆ రోజు నేనలా అరుస్తుంటే నోరు విప్పలేదేం?”

“పువ్వు మీద ఈగ ఉందండీ. ఊపిరి వదిలితే ఎగిరిపోతుందని.”

ఆవిడ లేచి నిలబడి మోకాళ్ళ మట్టి దులుపుకుంది. మొహంలో కోపం పోయింది. దుప్పట్ల తీగలు ఇంటి అటుపక్కకు మార్చుకుంటే సరిపోతుందని తనే అంది. నేను లోలోపల నా భుజం నేనే తట్టుకున్నాను. కంచె దక్కింది, ఈగలు దక్కాయి, ఆయన పరువు కూడా మా ముగ్గురి మధ్యనైనా దక్కింది.

అంతలో ఆవిడ అడుగు వేయబోయి ఆగింది. ఏదో లెక్క తప్పినట్టు కనుబొమలు ముడిచింది.

“అంటే... పొద్దున్నే వచ్చి మోకాళ్ళ మీద కూర్చునేది వీటి కోసమా?”

“అవునండీ.”

“రోజూ?”

“రోజూ అండీ.”

“ఇన్నాళ్ళూ చూసింది ఈగల్నా!”

ఆ “ఈగల్నా” అన్న తీరు నా చెవికి తేడాగా తగిలింది. అప్పుడు చూశాను, అంతకుముందు చూసి ఉండాల్సింది. ఆవిడ జుట్టుకు కొత్తగా రంగు పడింది. ఇస్త్రీ కిటికీకి ఎప్పటినుంచో వేలాడుతున్న మాసిన తెర లేదు. వీధి తనను గురించి అనుకుంటున్నది విని మండిపడిన మనిషే, ఆ మంటలో కొంచెం చలి కూడా కాచుకుంది.

“చెట్లు కొట్టే అతన్ని రమ్మన్నాను కదా. రానివ్వండి. కొట్టించేస్తాను” అంది.

“ఇప్పుడేమయింది మళ్ళీ?” అన్నాను.

“ఏమవుతుంది? ఏమీ కాలేదు. అదే కదా! వీధంతా నన్ను చూసి నవ్వుతుంటే, పోనీలే, ఈ వయసులో కూడా ఒక మనిషి మన కోసం మోకాళ్ళు అరగదీసుకుంటున్నాడులే అనుకున్నాను. ఆ మనిషికి నేను పక్కనున్నట్టే తెలీదట! నేను ఈగ పాటి చేయనా? నాక్కూడా పసుపు మేజోళ్ళు కావాలా?”

“అదికాదు పిల్లా...”

“మీరుండండి వదినా. రేకుల గోడ కట్టిస్తాను. ఈగలు రేకుల మీద వాలతాయేమో చూసుకోమనండి.”

అంటూ నిజంగానే ఇంటివైపు తిరిగింది. గడియారాలాయన మొహం పాలిపోయింది. చేతులు ఖాళీగా ఉన్నాయి, నోరు ఖాళీగా ఉంది. నేలలోని కన్నాల వైపు ఒకసారి, ఆవిడ వీపు వైపు ఒకసారి చూస్తున్నాడు. నాకు ఓపిక నశించింది. వీధి వీధంతా వాళ్ళలో వాళ్ళు చెవులు కొరుక్కుందే గానీ, జవాబు వచ్చేదాకా ఆగి ఆయనను ఒక్కరూ అడగలేదు. ఆయన మోచెయ్యి పట్టుకుని గట్టిగా కుదిపాను.

“తమ్ముడూ, నావైపు చూడు. ఇది చివరిసారి అడగడం. జవాబు చెప్పేదాకా నేనూ కదలను, ఆవిడనూ కదలనివ్వను. ఈ కంచె పక్కన కూర్చుని ఒక్కసారైనా ఆవిడను చూశావా, లేదా?”

లాండ్రీ ఆవిడ ఆగింది. వెనక్కి మాత్రం తిరగలేదు.

గడియారాలాయన చెవులు ఎర్రబడ్డాయి. భూతద్దం జేబులో పెట్టుకున్నాడు.

“మబ్బు పట్టిన రోజున ఈగలు కన్నాల్లోంచి బయటికి రావు అక్కగారూ” అన్నాడు. “ఆ రోజుల్లో ఆవిడ దుప్పట్లు కూడా ఆరేయరు. ఇస్త్రీ చేసే కిటికీ దాకా శుభ్రంగా కనిపిస్తుంది. అయినా నేను కూర్చోవడం ఏ ఒక్క రోజూ మానలేదు కదా.”